సమానమైతే ఎవరు ముందు: ఖరగ్‌పూర్ కార్ఖానా నుంచి రాష్ట్రపతి ఎన్నిక దాకా

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లేకపోతే ఖరగ్‌పూర్‌లో ఇంతగా తెలుగు మాట వినబడేది కాదు. విజయవాడ నుంచి కటక్ దాకా వేసిన తూర్పు తీరపు రైలు మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1900 తర్వాత కొద్ది ఏళ్ళకే ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ రోజుల్లోనే మేదినీపూర్ జిల్లా ఎర్రమట్టి నేల మీద పెద్ద జంక్షను, దాని పక్కనే ఇంజన్లూ పెట్టెలూ బాగుచేసే కార్ఖానా వెలిశాయి. గంజాం, నేటి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి కళాసీ పనికీ ఫిట్టరు పనికీ బయలుదేరిన కుటుంబాలు నీంపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో కుదురుకుని తరాలు గడిపాయి. ఈ కార్మికుల తరఫున నిలబడి పేరు తెచ్చుకున్న నాయకుల్లో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఇప్పటిదాకా జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, తర్వాతి ప్రాధాన్యాలు లెక్కపెట్టాల్సి వచ్చింది ఆ ఒక్కసారే. ఆయన జీవితాన్ని ఈ కోణంలోంచి చదివితే మన ఎన్నికల చట్టంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక లోపం బయటపడుతుంది. వరుస అంకెలు వేసే ఓటులో ఇద్దరు సమానమైతే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు మన నిబంధనలు ఇచ్చిన జవాబు సగమే సరైనది. అభ్యర్థులిద్దరికీ సమానంగా ఓట్లు వస్తే అవి ఓపికగా ఆలోచిస్తాయి. ఓటరు మనసులో ఇద్దరూ సమానమైతే మాత్రం ఆ కాగితాన్నే పక్కన పడేస్తాయి. ఈ రెండో పద్ధతి మారాలని నా వాదన.

రైలు కార్మికుడికి వరుసలో ఎవరు ముందు అన్నది పుస్తకాల్లో చదువుకునే ప్రశ్న కాదు, కూటికి సంబంధించిన ప్రశ్న. 1927లో ఖరగ్‌పూర్ కార్ఖానాలో ఉద్యోగాల కోత మొదలైనప్పుడు కార్మికులు సమ్మెకు దిగారు, నెలల తరబడి నిలబడ్డారు. గిరి ఆ పోరాటంలో ముందున్నారు. ఎవరిని తీసెయ్యాలో కంపెనీ ఇష్టానికి వదిలేస్తే యూనియన్‌లో చురుగ్గా ఉన్నవాడి పేరే జాబితాలో మొదట ఉంటుందని కార్మికులందరికీ తెలుసు. చివర చేరినవాడు ముందు పోవాలన్న సూత్రం 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలోకి 25-జి సెక్షనుగా వచ్చింది. ఎవరి మనసులో ఏముందో అడగకుండా రికార్డు చూసి తేల్చే సూత్రం అది. ఇద్దరూ ఒకే ఎంపికలో ఒకే స్థాయిలో వస్తే? దానికీ రైల్వే ఉద్యోగ నిబంధనల పుస్తకంలో జవాబుంది. పుట్టిన తేదీ చూస్తారు, వయసులో పెద్దవాడు సీనియర్ అవుతాడు. ఇది పూర్తి న్యాయమా అంటే కాకపోవచ్చు. నాలుగు రోజులు ముందు పుట్టినంత మాత్రాన పనితనం పెరగదు. కానీ ఆ నియమం ముందే అందరికీ తెలుసు, ఏ అధికారీ దాన్ని వంచలేడు. అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరు సమానంగా వచ్చారన్న కారణంతో ఇద్దరి పేర్లూ జాబితాలోంచి కొట్టెయ్యడం రైల్వేలో ఏ గుమాస్తాకీ తట్టదు. ఓట్ల లెక్కింపులో మనం చేస్తున్నది సరిగ్గా అదే.

గిరి ఎన్నికల చరిత్రలో ఒక ఓటమి ఈ విషయానికి బాగా పనికొస్తుంది. 1957లో ఆయన పార్వతీపురం లోక్‌సభ స్థానం నుంచి పోటీ చేశారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక స్థానం జనరల్, ఒకటి షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. రెండూ ఒకరికే వేయకూడదు, ఇద్దరికి వేస్తే ఇద్దరికీ సమాన విలువ. లెక్కింపులో ముందుగా రిజర్వు స్థానాన్ని తెగల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఇచ్చారు. మిగిలినవారిలో గిరి కంటే స్వల్పంగా ముందున్న దిప్పల సూరిదొర కూడా తెగల అభ్యర్థే. జనరల్ స్థానం ఆయనకు దక్కింది. గిరి కోర్టుకెక్కారు. రిజర్వు స్థానానికి నిలబడ్డవారు జనరల్ స్థానం కూడా గెలవవచ్చని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రిజర్వేషన్ చరిత్రలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. మన ప్రశ్నకు కావలసింది ఆ ఎన్నికలోని మరో సంగతి. 1952లోనూ 1957లోనూ ఇలాంటి నియోజకవర్గాల్లో ఓటర్లు ఇద్దరు అభ్యర్థులను ఒకే మెట్టు మీద నిలబెట్టి ఓటేశారు. వాళ్ళలో చాలామందికి అక్షరం ముక్క రాదు. అయినా ఎన్నికలు సజావుగా జరిగాయి, లెక్కలు తేలాయి. 1961లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను చట్టం చేసి తీసేశారు. ఇద్దరూ నాకు ఒకటేనని ఓటుతో చెప్పడం భారతీయ ఓటరుకు కొత్త కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక 1969. జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రంగా నిలబడ్డది గిరి, ఇద్దరూ తెలుగువాళ్ళే. స్వతంత్ర పార్టీ, జనసంఘ్‌ల అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. ఆత్మప్రబోధం ప్రకారం ఓటెయ్యమని ఇందిరాగాంధీ పిలుపు, దేశ్‌ముఖ్ ఓటర్ల రెండో ప్రాధాన్యం కోసం కాంగ్రెస్ పెద్దల మంతనాలు, ఇవన్నీ అందరికీ తెలిసిన కథే. అంకెలు మాత్రం ఒకసారి దగ్గరగా చూడాలి. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవడానికి కావలసిన కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ కోటా రాలేదు. కింది నుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ, వారి కాగితాల మీద తర్వాతి అంకె ఎవరికి ఉంటే వారికి చేర్చుకుంటూ పోతే చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. కూడి చూస్తే 10,833 విలువ ఈ ఇద్దరిలో ఎవరికీ చేరలేదు. గిరి కోటాను దాటింది 1,908తో. అంటే దారిలో ఆగిపోయిన ఓట్ల విలువ, ఆయన కోటా దాటిన తేడాకు అయిదు రెట్లకు పైనే. ఆ ఓట్లన్నీ సంజీవరెడ్డికే పడి ఉన్నా ఆయన లెక్క 4,16,260 అయ్యేది, గిరే గెలిచేవారు. ఆ గెలుపును ఎవరూ ప్రశ్నించలేరు. కానీ ఆగిపోయే కాగితం సంగతి చిన్న విషయమని ఈ అంకెలు చూశాక అనలేం.

అదే లెక్కింపులో అసలైన సమానత్వం కూడా ఎదురైంది. బరిలో ఉన్న 15 మందిలో అయిదుగురికి సున్నా. ఒకరికి 576, అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ సరిగ్గా అంతే. చౌదరి హరిరామ్‌కు 125, మరో అభ్యర్థికీ 125. ఎమ్మెల్యే ఓటు విలువను రాష్ట్ర జనాభాను శాసనసభలో ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగించి, మళ్ళీ వెయ్యితో భాగించి తేలుస్తారు. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 కోట్ల 60 లక్షల మంది, 287 స్థానాలు, విలువ 125. ఒరిస్సాలో 1 కోటి 75 లక్షల మంది, 140 స్థానాలు, మళ్ళీ 125. పశ్చిమ బెంగాల్‌లో 3 కోట్ల 49 లక్షల మంది, 280 స్థానాలు, సగం దాటిన భిన్నాన్ని పైకి సవరిస్తే అక్కడా 125. గిరి పుట్టిన బరంపురం, ఓడిన పార్వతీపురం, కార్మిక నాయకుడిగా నిలబడిన ఖరగ్‌పూర్, మూడు రాష్ట్రాల్లోని ఈ మూడు చోట్లా ఎమ్మెల్యే ఓటుకు ఆ ఏడు ఒకే తూకం. ఆ 125లు బహుశా ఒక్కో ఎమ్మెల్యే వేసిన ఒక్కో ఓటు. ఇంత చిన్న అంకెల దగ్గర ఎవరిని ముందు తొలగించినా ఫలితం మారదు నిజమే. కానీ నియమం చిన్న అంకెకూ పెద్ద అంకెకూ ఒకటే. రెండో స్థానంలోనూ మూడో స్థానంలోనూ ఉన్నవారు ఎప్పుడైనా సరిసమానమైతే, ఎవరిని ముందు తొలగిస్తామన్నదాని మీదే రాష్ట్రపతి ఎవరన్నది ఆధారపడవచ్చు.

అక్కడ నిబంధన ఏమంటుందో చూద్దాం. ఇప్పుడు అమల్లో ఉన్న 1974 నాటి రాష్ట్రపతి ఎన్నికల నిబంధనల ప్రకారం, అట్టడుగున ఇద్దరు సమానమైతే మొదటి ప్రాధాన్య ఓట్లు ఎవరికి తక్కువో వారిని తొలగిస్తారు. అవీ సమానమైతే చీటీ తీస్తారు. రాజ్యసభ, శాసనమండలి ఎన్నికలకు వర్తించే 1961 నిబంధనల్లో, ఒకటికి మించి స్థానాలున్నప్పుడు మధ్యలో ఇంకో మెట్టుంది. మొదటి ఓట్లు కూడా సమానమైతే వెనక్కి వెళ్ళి, ఆ ఇద్దరికీ తేడా వచ్చిన తొలి రౌండు ఏదో వెతికి, అందులో వెనకబడ్డవారిని తొలగిస్తారు. అదీ కుదరకపోతేనే చీటీ. సీనియారిటీ జాబితాలో పుట్టిన తేదీ దాకా వెళ్ళినట్టే ఇది కూడా, అదృష్టాన్ని అడిగే ముందు రికార్డునంతా అడుగుతుంది. మొదటి ప్రాధాన్యానికి రెండుసార్లు విలువ ఇస్తున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఈ పద్ధతిలో మొదటి అంకె వేయడం తప్పనిసరి, మిగతావన్నీ ఓటరు ఇష్టం. అందరూ తప్పకుండా చెప్పిన మాట అదొక్కటే కాబట్టి సందేహం వచ్చినచోట దాన్నే ఆశ్రయించడం సమంజసం. రాష్ట్రపతి ఎన్నికలో కూడా ఆ మధ్య మెట్టు ఉంటే బాగుండేది. వేల నియోజకవర్గాల ప్రతినిధులు వేసిన అంకెలు ఎదురుగా ఉండగా చీటీ దాకా వెళ్ళడానికి అంత తొందర పనికిరాదు.

చీటీ మీద నాకు వ్యతిరేకత లేదు. 2024 ఫిబ్రవరి 27న హిమాచల్ ప్రదేశ్‌లో ఒకే రాజ్యసభ స్థానానికి అభిషేక్ మను సింఘ్వీకి 34, హర్ష్ మహాజన్‌కు 34 ఓట్లు వచ్చాయి. ఇద్దరే అభ్యర్థులు, ఒకే రౌండు, వెనక్కి చూడ్డానికి ఇంకేమీ లేదు. అక్కడ చీటీ తియ్యడమే నిజాయతీ. తీసిన చీటీలో సింఘ్వీ పేరు వచ్చింది, మహాజన్ గెలిచారు. ఈ ఎన్నికలో చీటీ తీసేది ఎవరిని తొలగించాలో తేల్చడానికి అన్న అర్థమే దీనికి ఆధారం. పంచాయతీ నుంచి లోక్‌సభ దాకా చీటీలో పేరొచ్చినవాడు గెలవడం చూసి అలవాటుపడ్డ జనానికి ఇది తలకిందులుగా తోచింది. సింఘ్వీ హైకోర్టుకు వెళ్ళారు. లెక్క ప్రకారం ఎలా తీసినా ఇద్దరికీ అవకాశం సగం సగమే. ఒకే దేశంలో ఒకే పనికి రెండు అర్థాలు ఉండటం వల్లే ఓడినవారికి అనుమానం మిగులుతుంది. రెండు రకాల ఎన్నికలకూ ఒకే వాక్యం రాసుకుంటే ఈ చిక్కు ఉండదు.

అసలు లోపం ఓటు కాగితం దగ్గరుంది. శాసనమండలి పట్టభద్రుల స్థానాల ఎన్నికలో ఇచ్చే కాగితం ఎలా ఉంటుందో ఓటేసినవారికి తెలుసు. గుర్తులుండవు. పేరు, ఫొటో, పక్కన ఖాళీ గడి. సిబ్బంది ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే ఆ గడిలో అంకె వెయ్యాలి. తెలుగు అంకెలైనా చెల్లుతాయి, అక్షరాల్లో ఒకటి అని రాస్తే మాత్రం చెల్లదు. ఒకటో అంకె ఇద్దరికి వేస్తే ఓటే చెల్లదు. రెండో అంకెనో మూడో అంకెనో ఇద్దరికి వేస్తే? లెక్కింపు ఆ అంకె దాకా వచ్చినప్పుడు ఆ కాగితాన్ని మురిగిపోయినట్టు భావించి పక్కన పెడతారు. ఆ తర్వాత నాలుగు, అయిదు, ఆరు అంకెలు ఎంత శుభ్రంగా ఉన్నా ఎవరూ చదవరు. ఇంతకంటే కఠినమైన సంగతి ఇంకొకటుంది. ఒకే అంకె ఉన్న ఇద్దరిలో ఒకరు అప్పటికే పోటీ నుంచి తొలగిపోయి ఉన్నా నిబంధన మారదు. బరిలో మిగిలింది ఒక్కరే, ఓటరు అభిప్రాయంలో ఇసుమంతైనా సందేహం లేదు, అయినా కాగితం పోయినట్టే. ఇక్కడ అస్పష్టత అన్న సాకు కూడా నిలవదు.

ఓటరు తేల్చుకోలేకపోతే ఆ తప్పు ఓటరుదేనని, వరుస చెప్పమన్నప్పుడు వరుసే చెప్పాలని వాదించేవారున్నారు. ఈ మాట పైకి గట్టిగానే ఉంటుంది. కానీ మన పద్ధతిలో ఒకటో అంకె తర్వాత అంకెలు వేయడం తప్పనిసరి కాదు. 93 మంది ఉన్న కాగితం మీద ముగ్గురికి మాత్రమే అంకెలు వేసిన ఓటరు ఏం చెప్పినట్టు? మిగతా 90 మందీ తనకు ఒకటేనని చెప్పినట్టు. ఆ 90 మందినీ కట్టగట్టి అట్టడుగున సమానంగా నిలబెట్టిన కాగితం నూటికి నూరుపాళ్ళూ చెల్లుతుంది. మధ్యలో ఇద్దరిని సమానంగా నిలబెట్టిన కాగితం మాత్రం అక్కడే ఆగిపోతుంది. అడుగున సమానత్వానికి అడ్డు చెప్పని చట్టం నడుమ సమానత్వానికి అడ్డు చెప్పడానికి నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు. ప్రాధాన్య ఓటును లోతుగా వాడిన సంస్థల్లో కొన్ని ఈ తేడా పాటించవు. సభ్యుల ఓటుతో నిర్ణయాలు తీసుకునే డెబియన్ సాఫ్ట్‌వేర్ బృందం ఒకే అంకె ఇద్దరికి వేయడాన్ని ఒప్పుకుంటుంది. ఆ ఇద్దరినీ పోల్చే చోట ఆ ఓటు ఎటూ మొగ్గదు, మిగతా అందరితో పోల్చేటప్పుడు పూర్తిగా లెక్కకొస్తుంది. వాళ్ళది ఇద్దరిద్దరిని జతలుగా పోల్చే పద్ధతి, మనది ఒక్కొక్కరిని తొలగించే పద్ధతి. ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా సమానత్వం కూడా ఒక అభిప్రాయమే అన్న గుర్తింపు పద్ధతిని బట్టి మారాల్సిన అవసరం లేదు.

చేత్తో లెక్కపెట్టే చోట ఓటును సగం చెయ్యడం అసాధ్యమని మరో అభ్యంతరం. దీనికి జవాబు ఆ 1961 నిబంధనల్లోనే ఉంది. ఒకటికి మించి స్థానాలకు ఎన్నిక జరిగితే ప్రతి కాగితానికీ 100 విలువ కడతారు. గెలిచినవారి మిగులు ఓట్లను పంచేటప్పుడు భిన్నాలు రాకుండా చేసిన ఏర్పాటు అది. వందను యాభై యాభైగా విడదీయడం రిటర్నింగ్ అధికారికి కష్టం కాదు. ఒకే స్థానం ఉన్న పట్టభద్రుల ఎన్నికలో కాగితం విలువ 1గా పెట్టారు, దాన్నీ 100 చెయ్యవచ్చు. పైగా పంచాల్సిన అవసరం అన్నిసార్లూ రాదు. ఒకరు తొలగిపోగానే ఆ కాగితం మొత్తం విలువ రెండోవారికి వెళ్తుంది. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు. దినపత్రికంత కాగితం, ఒక్కొక్కరినీ తొలగిస్తూ రాత్రింబవళ్ళు సాగిన లెక్కింపు, చివరికి సురభి వాణీదేవి గెలుపు. అంత ఓపికగా లెక్కపెట్టగలిగిన యంత్రాంగానికి యాభై యాభై రాయడం బరువు కాదు.

ఓటు అమ్ముకునేవాడు తన కాగితాన్ని గుర్తుపట్టించడానికి ఈ వెసులుబాటును వాడుకుంటాడన్న భయం మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఫలానా ఇద్దరికి ఏడో అంకె వెయ్యి, నేను చూస్తాను అని బేరం కుదర్చవచ్చు. కానీ 93 పేర్లున్న కాగితం మీద మూడు నుంచి పది దాకా అంకెల వరుసే కావలసినన్ని సంకేతాలు ఇస్తుంది. సమాన అంకెలు కొత్తగా చేర్చే ప్రమాదం స్వల్పం. చదువు గురించిన అభ్యంతరమూ పాతదే. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో దామాషా పద్ధతిని లోక్‌సభకు పెట్టాలన్న సవరణను అంబేద్కర్ కాదన్నప్పుడు, కనీసం అంకెలు గుర్తించి వేయగలిగేంత చదువు ఓటరుకు ఉండాలి కదా అన్నది ఆయన కారణాల్లో ఒకటి. ఆ రోజుకు అది సరైన మాట. దాని నుంచి నాకు తోచేది ఇంకొకటి, అంకె వేయడం కష్టమని ఒప్పుకున్నప్పుడు ఆ వేయడంలో జరిగే పొరపాటుకు శిక్ష తక్కువగా ఉండాలి. రెండు గడుల్లో పొరపాటున ఒకే అంకె పడితే ఆ ఓటరు మిగతా మాటలన్నీ వినకుండా చెయ్యడం పొరపాటుకు మించిన శిక్ష.

ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. మండలి, రాజ్యసభ లెక్కింపు నిబంధనలను 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 169వ సెక్షను కింద ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్రప్రభుత్వం మార్చవచ్చు. 1967లో 17 మంది, 1969లో 15 మంది రాష్ట్రపతి పదవికి నిలబడి చాలామందికి సున్నాలు వచ్చాక, పోటీకి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు ఉండాలని 1974లో నియమం పెట్టారు. 1997లో ఆ సంఖ్యను యాభై యాభైకి పెంచారు. సున్నాల రద్దీ తగ్గించడానికి అంత శ్రద్ధ చూపినప్పుడు ఓటరు అంకెలు పారేయకుండా ఉండటానికి మూడు వాక్యాలు రాయడం కష్టం కాదు. ఒకే అంకె ఉన్నవారిలో ఒక్కరే బరిలో మిగిలితే ఓటు పూర్తిగా వారికి. ఇద్దరూ మిగిలితే చెరి సగం, ఒకరు తొలగగానే ఆ సగం కూడా రెండోవారికి. ఒకటో అంకె ఇద్దరికి పడిన కాగితానికీ ఇదే వర్తింపు. వీటిలో మొదటి వాక్యానికి పంపకం కూడా అక్కర్లేదు, మురిగిపోయిన కాగితానికి ఇప్పుడున్న నిర్వచనంలో తొలగిన అభ్యర్థిని కూడా లెక్కలోకి తెచ్చే రెండు మూడు మాటలు కొట్టేస్తే చాలు, వచ్చే పట్టభద్రుల ఎన్నిక నాటికే అది అమలు కావచ్చు.